పెళ్లి ముహూర్తం చూసుకుని దవడ ఆపరేషన్ పెట్టుకోకండి

ఏటా మాఘమాసం ముహూర్తాలకి మూడు నాలుగు నెలల ముందు మా క్లినిక్‌కి ఒకే రకం ప్రశ్నతో కొన్ని కుటుంబాలు వస్తాయి. అమ్మాయికో అబ్బాయికో సంబంధం కుదిరి ఉంటుంది, లేదా కుదరబోతూ ఉంటుంది. కింది దవడ ముందుకి పొడుచుకొచ్చిందనో, నవ్వితే చిగుళ్లన్నీ కనిపిస్తున్నాయనో, గడ్డం లోపలికి పోయిందనో ఎవరో ఒక మాట అని ఉంటారు. "దవడకి ఆపరేషన్ చేస్తే సరిపోతుందంట కదా సార్, మాఘంలో ముహూర్తం అనుకుంటున్నాం, ఈ లోపల అయిపోతుందా?" అని అడుగుతారు. అవ్వదు అని చెప్తాను. కొందరు వింటారు, కొందరు ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లిపోతారు.

నేను తిరుపతిలో పళ్ల డాక్టర్ని, దవడలు కోసే సర్జన్‌ని కాను. కానీ ఈ పేషెంట్లని ఆపరేషన్‌కి ముందూ ఆ తర్వాతా ఏళ్ల తరబడి చూసేది మాలాంటి వాళ్లమే. చెన్నైలోనో వేలూరులోనో బెంగళూరులోనో చేయించుకుని ఇంటికొచ్చాక, రాత్రి పూట "పళ్లకి కట్టిన రబ్బరు తెగిపోయింది, ఇప్పుడేం చెయ్యాలి?" అని ఫోన్ చేసేది మాకే. అందుకే ఇది రాయాలనిపించింది. ఈ ఆపరేషన్‌లో వచ్చే చిక్కుల్లో చాలావాటికి వైద్యం ఉంది, కానీ దాదాపు ప్రతిదానికీ ఆ వైద్యంతో పాటు సమయం కావాలి, మళ్లీ మళ్లీ వెళ్లి చూపించుకోవడం కావాలి. ముహూర్తం పెట్టుకుని ఆపరేషన్ బల్ల ఎక్కితే ఆ సమయాన్ని మనమే ముందుగా తీసి పక్కన పారేసినట్టు.

ఈ ఆపరేషన్‌కి నేను వ్యతిరేకం అనుకోకండి. తోతాపురి మామిడి ముక్కని ముందు పళ్లతో కొరకలేక తల పక్కకి వంచి దవడ పళ్లతో లాక్కుని తినే పిల్లల్ని చిత్తూరు జిల్లాలో పుట్టి పెరిగినవాడిగా చిన్నప్పటినుంచీ చూశాను. పెదవులు మూతపడక ఎప్పుడూ నోటితోనే గాలి పీల్చి చిగుళ్లు వాచిపోయేవాళ్లు ఉంటారు. మాట తిరగక, క్లాసులో జవాబు తెలిసి కూడా చెయ్యెత్తని పిల్లలు ఉంటారు. కింది దవడ మరీ చిన్నదై నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే మగవాళ్లు ఉంటారు, వాళ్ల భార్యలకి నిద్ర ఉండదు. వీళ్లకి క్లిప్పులు ఒక్కటే సరిపోవు. క్లిప్పులు పళ్లని కదుపుతాయి, ఎదుగుదల ఆగిపోయిన మనిషి దవడ ఎముకని కదపలేవు. అలాంటివాళ్లకి ఈ ఆపరేషన్ నిజంగా బతుకు మారుస్తుంది. ప్రాణం మీదికి వచ్చే ప్రమాదాలు చాలా అరుదు కూడా. కాబట్టి ఇది చదివి భయపడి మానుకోమని నేను చెప్పడం లేదు.

అసలు ఏం చేస్తారో కొంచెం తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. 1901లో రెనే లె ఫోర్ అనే ఫ్రెంచి సర్జన్ శవాల ముఖాల మీద దెబ్బలు కొట్టి, ముఖం ఎముకలు ఏయే గీతల వెంట విరుగుతాయో రాసిపెట్టాడు. ఆ గీతల్లో అన్నిటికన్నా కిందది, ముక్కు అడుగున అడ్డంగా పోయేది. ఇవాళ పై దవడని కోసేది ఆ దారిలోనే, దాన్ని లె ఫోర్ వన్ అనే పిలుస్తారు. కింది దవడకి ఇప్పటికీ ఎక్కువగా వాడే పద్ధతిని ట్రౌనర్, ఒబ్వెగెసర్ 1957లో ప్రచురించారు, 1961లో డాల్ పాంట్ దానికి మార్పు చేశాడు. ఈ పద్ధతిలో ఎముకని అడ్డంగా నరకరు. రెండు వైపులా, జ్ఞానదంతం ఉండే చోట, పుస్తకం తెరిచినట్టు లోపలి పలక, బయటి పలకగా చీలుస్తారు. అప్పుడు పళ్లున్న భాగాన్ని ముందుకో వెనక్కో జరిపి టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. కోతలు దాదాపు అన్నీ నోటి లోపలే కాబట్టి ముఖం మీద మచ్చ పెద్దగా పడదు. బయటికి ఏమీ కనిపించదు కదా అని చాలామంది దీన్ని చిన్న ఆపరేషన్ అనుకుంటారు.

ఆ రెండు పలకల మధ్యలోనే కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చే నరం ఉంటుంది. దాన్ని తప్పించుకుని ఎముకని చీల్చే దారి లేదు, దాని పక్కనుంచే వెళ్లాలి. సర్జన్ ఎంత నేర్పరి అయినా నరం కొంత సాగుతుంది, కొంత నలుగుతుంది, చుట్టూ వాపు వస్తుంది. అందుకే ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో కింది పెదవి, గడ్డం మొద్దుబారడం దాదాపు అందరికీ ఉంటుంది. చాలామందికి నెలల మీద తగ్గుతూ వస్తుంది. ఏడాది వరకూ, ఒక్కోసారి ఇంకా కొంచెం ఎక్కువ కూడా, మెరుగు కనిపిస్తుంది. కొందరికి ఎంతో కొంత తిమ్మిరి ఎప్పటికీ ఉండిపోతుంది. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా నలభై దాటాక, అలా ఉండిపోయే అవకాశం ఎక్కువ. దవడతో పాటు గడ్డం ఎముకని కూడా కోసి జరిపితే ఇంకొంచెం ఎక్కువ. పెదవి కదలడానికి మాత్రం ఇబ్బంది ఉండదు, ఎందుకంటే కదలికలు చూసే నరం వేరు. అంటే ఎదుటివాళ్లకి ఏమీ తెలియదు, మాటా నవ్వూ మామూలుగానే ఉంటాయి, లోపల మాత్రం పెదవి ఉందో లేదో ఆ మనిషికే తెలియదు.

మా అక్క కూతురికి డిగ్రీ చదువుతుండగా రెండు దవడలకీ చేశారు. చిత్తూరులో వాళ్లింట్లో, రాగి జావ తాగుతోంది. గ్లాసు అంచు నుంచి జావ కారి గడ్డం మీదుగా చున్నీ మీద పడుతోంది, ఆ పిల్లకి తెలియడం లేదు. మా అక్క కొంగుతో తుడవబోతే "ఏమైందమ్మా?" అని అడిగింది, ఆ తర్వాత గ్లాసు పక్కన పెట్టేసి ఇంక తాగలేదు. "మామా, పెదవి మీద వేలు పెడితే వేరే ఎవరిదో పట్టుకున్నట్టుంది, ఇది ఇట్లే ఉండిపోతుందా?" అని నన్ను అడిగింది. ఆపరేషన్‌కి ముందు ఈ సంగతి ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. చెన్నైలో పెద్ద డాక్టరే చేశాడు, చక్కగా చేశాడు కూడా, అది నేను ఎక్స్‌రేలు చూసే చెప్తున్నాను. కానీ ఆపరేషన్ ముందు రోజు రాత్రి వార్డులో ఎవరో వచ్చి ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేజీలు చేతికిచ్చి, "ఫార్మాలిటీ అండీ, సంతకం పెట్టండి" అన్నారు. మా బావ పెట్టాడు. ఆ పిల్ల మేజర్, ముఖం ఆమెది, అయినా కాగితం ఆమె చేతికి రాలేదు.

ఆ రోజు నేను చేసిన పని చాలా చిన్నది. కళ్లు మూసుకోమని చెప్పి, దూదిని పోగులా సన్నగా లాగి పెదవి మీద, గడ్డం మీద అక్కడక్కడా తాకించాను. తగిలినట్టు తెలిస్తే వేలెత్తమన్నాను. తెలియని చోటల్లా బాల్ పెన్నుతో చుక్క పెట్టాను. చుక్కలన్నీ కలిపితే కింది పెదవి ఎరుపు అంచు నుంచి గడ్డం మొన దాకా ఒక నీలం గీత వచ్చింది. ఫోన్‌లో ఫొటో తీసి తేదీ రాసి పెట్టాం. తర్వాత నెలనెలా అదే పని చేశాం. గీత బయటి అంచుల నుంచి లోపలికి జరుగుతూ రావడం ఆ పిల్ల తన కళ్లతో తనే చూసింది. చీమలు పాకినట్టుందని మొదటిసారి చెప్పినప్పుడు మా అక్క భయపడింది గానీ అది నరం కోలుకుంటోందనడానికి సాధారణంగా మంచి గుర్తు.

ఈ దూది పరీక్షకి ఖర్చు లేదు, పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. కానీ దీనివల్ల చాలా తెలుస్తుంది. స్పర్శ కొంచెం కొంచెంగా తిరిగొస్తుంటే ఆగి చూడటమే సరైన వైద్యం. మూడు నెలలు దాటినా ఏ మార్పూ లేకుండా పూర్తిగా మొద్దుగానే ఉంటే నరాల మైక్రోసర్జరీ తెలిసినవాళ్లకి చూపించాలి, ఎందుకంటే తెగిన నరాన్ని కలపడానికి ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. ఆపరేషన్ చేస్తుండగానే నరం తెగినట్టు కనిపిస్తే అక్కడే, ఆ పూటే కలిపి కుట్టడం మేలు. ఇక మొద్దుబారడం బదులు మంట, కరెంటు షాకు కొట్టినట్టు పోట్లు, దుప్పటి అంచు తగిలినా నొప్పి, ఇలాంటివి వస్తే అది వేరే జబ్బు. మామూలు నొప్పి మాత్రలు దానికి పని చెయ్యవు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటి నరాల నొప్పి మందులు డాక్టర్ పర్యవేక్షణలో తొందరగా మొదలుపెట్టాలి. "నరం కదా, అదే వచ్చేస్తుంది" అని పంపించేస్తే ఈ మూడు రకాల వాళ్లూ ఒకే గాటన పడతారు. అందరికీ మిథైల్‌కోబాలమిన్, అంటే బీ 12 విటమిన్ మాత్రలు రాసిస్తారు. బీ 12 తక్కువున్న వాళ్లకి అవి అవసరమే. మిగతావాళ్లలో నలిగిన నరం వాటివల్ల తొందరగా కోలుకుంటుందనడానికి గట్టి రుజువు లేదు.

దీనికన్నా నాకు నమ్మకం ఉన్నది ఇంకొకటి. అద్దం ముందు కూర్చుని మెత్తటి బ్రష్షుతో పెదవి మీద, గడ్డం మీద పైకీ కిందికీ, ఎడమకీ కుడికీ మెల్లగా నిమురుతూ, ఎటు కదులుతోందో చూస్తూ, తర్వాత కళ్లు మూసుకుని అదే పని చేస్తూ రోజూ కాసేపు సాధన చెయ్యడం. అమెరికాలో ఇదే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల మీద చేసిన పరిశోధనల్లో ఈ సాధన చేసినవాళ్లకి తిమ్మిరి వల్ల కలిగే ఇబ్బంది తక్కువగా అనిపించిందని తేలింది. నరం తొందరగా పెరుగుతుందని కాదు, వచ్చే కొంచెం స్పర్శనే మెదడు బాగా చదవడం నేర్చుకుంటుంది. ఇంకో జాగ్రత్త, ఇది అందరికీ చెప్తాను: స్పర్శ రాని రోజుల్లో కాఫీ, రసం, జావ ఏదైనా ముందు మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకుని వేడి చూసుకోవాలి. పెదవి కాలి బొబ్బ ఎక్కినా తెలియదు.

"అన్నీ చెప్తే పేషెంట్ పారిపోతాడు సార్" అని డాక్టర్లే నాతో అంటారు. నేను చూసినంతలో అది నిజం కాదు. చెప్పించుకుని వెళ్లినవాళ్లు తిమ్మిరి వస్తే "డాక్టర్ చెప్పినట్టే ఉంది" అని ఓపిక పడతారు. చెప్పకుండా వెళ్లినవాళ్లు ఆపరేషన్ ఫెయిల్ అయిందనుకుంటారు, ఇంకో డాక్టర్‌ని వెతుక్కుంటారు, ఒక్కోసారి ఆపరేషన్ చేసిన చోటికి మళ్లీ వెళ్లడమే మానేస్తారు. చిక్కు ముదిరేది అక్కడ. కన్సెంట్ కాగితం తెలుగులో ఉండాలి, ఆపరేషన్‌కి వారాల ముందే ఇవ్వాలి, ఇంటికి తీసుకెళ్లి చదువుకోనివ్వాలి, పేషెంట్‌తోనే మాట్లాడాలి. ఇది డాక్టర్ చేసే ఉపకారం అని నేను అనుకోను, పేషెంట్ హక్కు.

రక్తస్రావం సంగతి వేరు, అక్కడ ఓపిక పనికిరాదు. పై దవడని విడదీసేటప్పుడు వెనక వైపు లోతుగా పెద్ద రక్తనాళాలు ఉంటాయి. ఆపరేషన్ బల్ల మీద రక్తం వస్తే దాన్ని ఆపే పద్ధతులు బాగానే ఉన్నాయి. మత్తు డాక్టర్ బీపీని అదుపులో ఉంచి తగ్గిస్తాడు, రక్తం ఆగడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు ఇస్తారు, గాజుగుడ్డ గట్టిగా నొక్కి పెడతారు, కనిపించిన నాళాన్ని కడతారు. నాకు భయమేసేది ఇంటికొచ్చాక వచ్చేది. మొదటి రెండు వారాల్లో, అంతా బాగుందనుకున్న రోజున, ఉన్నట్టుండి ముక్కులోంచి ఎర్రటి రక్తం ధారగా వస్తుంది, దానంతటదే ఆగిపోతుంది కూడా. మొదటి రోజుల్లో ముక్కులోంచి నల్లగా గడ్డలుగా కొంచెం కొంచెం రావడం మామూలే. ధారగా కొత్త రక్తం వస్తే మామూలు కాదు. ఒకసారి వచ్చి ఆగిందంటే మళ్లీ ఇంకా ఎక్కువగా రావచ్చు, లోపల నాళం గోడ దెబ్బతిని ఉబ్బి ఉండొచ్చు. ముక్కులో దూది కుక్కి పడుకోబెట్టకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ ముక్కులో ప్యాకింగ్ చేస్తారు. అవసరమైతే యాంజియోగ్రామ్ చేసి, కారుతున్న నాళాన్ని లోపలి నుంచే మూసేస్తారు.

ఇక్కడే మన ఊళ్లవాళ్ల అసలు ఇబ్బంది. చిత్తూరు నుంచి వేలూరు దగ్గరే, గంట లోపు వెళ్లిపోవచ్చు. పలమనేరు, మదనపల్లె వైపు వాళ్లు బెంగళూరు పోతారు. తిరుపతి వాళ్లు చెన్నై. ఆపరేషన్ అక్కడ, ముక్కులోంచి రక్తం ఇక్కడ. రాత్రి పూట ఇక్కడి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ ముందు నిలబడి "పై దవడ కోశారు" అని చెప్తే ఆయనకి ఏ ఆపరేషన్, ఎప్పుడు, ఏ మందులు అనేది తెలియాలి కదా. డిశ్చార్జ్ సమ్మరీ ఫొటో ఫోన్‌లో ఉండాలి. ఆపరేషన్ చేసిన సర్జన్ లేదా ఆయన టీమ్‌లో ఒకరి నంబరు ఉండాలి. ఆపరేషన్‌కి ముందే తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక ముఖ దవడల సర్జన్‌ని కలిసి "అత్యవసరమైతే మీ దగ్గరికి రావచ్చా?" అని అడిగి ఉంచుకోవాలి. యాంజియోగ్రామ్ చేసి రక్తనాళం మూయగల సౌకర్యం దగ్గరలో ఎక్కడుందో, రాత్రి పూట కూడా ఉంటుందో లేదో కనుక్కోవాలి. ఫీజు ఎంత, ఎన్ని రోజులు బెడ్డు అని అడిగేవాళ్లు ఇది కూడా అడగాలి. ఈ ప్రశ్న విని విసుక్కునే డాక్టర్ దగ్గర చేయించుకోవద్దని నేను నిర్మొహమాటంగా చెప్తాను.

ఇంట్లో మొదటి వారం గురించి కూడా చెప్పాలి. మింగిన రక్తం వల్ల వాంతులు రావచ్చు. పళ్లు రబ్బర్లతో కట్టేసి ఉంటాయి, ముఖం వాచి ఉంటుంది, అప్పుడు వాంతి వస్తే మనిషికి ఊపిరి ఆడదేమోనని భయం. ఇప్పుడు ప్లేట్లు వచ్చాక తీగలతో గట్టిగా బిగించడం చాలావరకు తగ్గింది, ఎక్కువగా రబ్బర్లే. అయినా మంచం పక్కన చిన్న కత్తెర ఉండాలి, తీగ వేసి ఉంటే తీగ కోసే పనిముట్టు ఆసుపత్రివాళ్లు ఇచ్చి పంపాలి, ఏది కోయాలో ఇంట్లో ఇద్దరికి చూపించాలి. వాంతి వస్తే మనిషిని ముందుకి వంచాలి, వెల్లకిలా పడుకోబెట్టకూడదు. నిద్ర కూడా తల ఎత్తుగా పెట్టుకునే.

చీల్చేటప్పుడు ఎముక అనుకున్న చోట కాక పక్కకి విరగడం ఉంటుంది. అది ఎక్కువసార్లు జరగదు. జరిగినా అప్పుడే అదనంగా ప్లేట్లు వేసి, కొన్ని వారాలు దవడలు కట్టి ఉంచి సరిచేస్తారు, అంతిమ ఫలితం చాలాసార్లు బాగానే ఉంటుంది. అక్కడ జ్ఞానదంతం ఉంటే ఇబ్బంది అని చాలామంది సర్జన్లు ఆరు నెలలు ముందుగా దాన్ని తీయించి, ఎముక పూడాక చేస్తారు. కొందరు ఆపరేషన్‌లోనే తీస్తారు. మీ సర్జన్ ఆరు నెలలు ఆగమంటే అది కాలయాపన కాదు.

చీము పట్టడం ఎక్కువగా కింది దవడలో, వారాల తర్వాత కూడా వస్తుంది. చిగురు దగ్గర చిన్న పొక్కు, చెడు రుచి, ఒక వైపు మళ్లీ మొదలైన వాపు, ఇవి గుర్తులు. చీము తీసి, కడిగి, యాంటీబయాటిక్ ఇస్తే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే ఎముక అతుక్కున్నాక ప్లేటు తీసేస్తారు, దానివల్ల దవడ మళ్లీ జారిపోదు. సిగరెట్టు, గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్లు ఆపరేషన్‌కి వారాల ముందే మానెయ్యాలి, తర్వాత కూడా ముట్టకూడదు. పై దవడకి రక్తం సరిగా అందక ఎముక, చిగురు చచ్చిపోవడం అనే చాలా అరుదైన ప్రమాదం ఉంది. దానికి దారి తీసేవాటిలో పొగ ఒకటి. ఈ ఒక్క విషయంలో నేను పేషెంట్‌తో మెత్తగా మాట్లాడను.

పళ్లు కూర్చునే తీరు తేడా రావడం దగ్గరికి వస్తే, అక్కడ తొందరా ఓపికా రెండూ కావాలి, ఏది ఎప్పుడో తెలియాలి. మత్తులో కండరాలు వదులైపోయి ఉన్నప్పుడు దవడ కీలుని సరైన చోట కూర్చోబెట్టి ప్లేట్లు బిగించాలి. కీలు కొంచెం జారి ఉంటే మెలకువ వచ్చి రబ్బర్లు తీయగానే పళ్లు పక్కకో ముందుకో పోతాయి. కొద్ది తేడా అయితే రబ్బర్లు, క్లిప్పులు సరిచేస్తాయి. పెద్ద తేడా అయితే మొదటి రోజుల్లోనే మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి ప్లేటు విప్పి బిగించడమే మంచిది. రెండోసారి మత్తా అని ఇంట్లోవాళ్లు వెనకాడతారు. నెలల తరబడి రబ్బర్లతో ఎముకని లాగడానికి చూస్తే పళ్లు వాటి చోటు నుంచి కదులుతాయి గానీ ఎముక కదలదు. ఏ రబ్బరు ఏ పన్ను నుంచి ఏ పన్నుకి, పగలా రాత్రా, ఎన్ని వారాలు అనేది బొమ్మ గీసి కాగితం మీద ఇవ్వమని అడగండి. అది చేతిలో ఉంటే మాలాంటి వాళ్లం ఇక్కడే చూసి, తెగింది మార్చి, తేడా ఉంటే సర్జన్‌కి ఫొటో పంపగలం.

నోరు తెరుచుకోకపోవడం కూడా ఎక్కువమందిని భయపెడుతుంది. సర్జన్ అనుమతి ఇచ్చాక ఐస్‌క్రీం పుల్లల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని, కొన్ని రోజులకి ఒక పుల్ల పెంచుకుంటూ పోతే చాలామందికి వారాల్లో దారికి వస్తుంది.

ముఖం సంగతి ఇది. వాపు రెండో మూడో రోజు అన్నిటికన్నా ఎక్కువ ఉంటుంది. మూడు నాలుగు వారాల్లో చాలావరకు తీస్తుంది. మిగిలిన కొంచెం మాత్రం ఆరు నెలలు, కొందరికి ఏడాది దాకా మెల్లగా తగ్గుతూనే ఉంటుంది. పెళ్లి ఫొటోలు ఆ మధ్యలో పడితే జీవితాంతం చూసుకునే ఫొటోలో ముఖం ఇంకా కుదురుకోని ముఖమే. రెండో వారం, మూడో వారం మనసు బాగా కుంగిపోయే రోజులు. నమలలేరు, మాట సరిగా రాదు, బరువు తగ్గుతుంది, అద్దంలో కొత్త మనిషి. అదే సమయంలో చుట్టాలు పరామర్శకి వచ్చి "ఇదేంది మే, ముందే బాగున్నావు కదా" అని వెళ్తారు. మా అక్క కూతురు ఆ మాటకి రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. దీన్ని కూడా నేను చిక్కుల్లోనే లెక్కేస్తాను, దీనికి వైద్యం ఇంట్లోవాళ్ల చేతుల్లో ఉంది. వచ్చేవాళ్లని కొన్ని వారాలు ఆపండి. పాలు, పల్చటి పప్పుకట్టు, గుడ్డు కొట్టిన సూపు, రాగి జావ, మిక్సీ పట్టి వడకట్టిన సంగటి, ఏదో ఒకటి గంట గంటకీ కొంచెం కొంచెం ఇవ్వండి. వారాలు దాటినా దిగులు తగ్గకపోతే సైకియాట్రిస్ట్‌కి చూపించడానికి మొహమాటపడకండి. పెళ్లి దగ్గర పడుతోందన్న టెన్షన్ ఈ రోజుల మీద పడితే ఎంత నరకమో ఆ పిల్లల్ని చూసినవాళ్లకి తెలుసు.

లెక్క వేసి చూడండి. మామూలుగా ఆపరేషన్‌కి ముందే క్లిప్పులు ఏడాది నుంచి ఏడాదిన్నర. తర్వాత ఆరు నెలల నుంచి ఏడాది. ముందు ఆపరేషన్ చేసి తర్వాత క్లిప్పులు పెట్టే పద్ధతి ఉంది, మొత్తం కాలం తగ్గుతుంది, కానీ అది అందరి దవడకీ కుదరదు. ముహూర్తం దగ్గరుందని ఆ పద్ధతిని ఎంచుకోకూడదు, పళ్లు, దవడ ఒప్పుకుంటే ఎంచుకోవాలి. నన్నడిగితే క్లిప్పులు కూడా తీసేసి, తిమ్మిరి తీరు తేలిపోయి, పళ్లు కుదురుగా ఉన్నాయని సర్జన్ చెప్పాక పెళ్లి మాట ఎత్తండి. లేదా ముందు పెళ్లి చేసుకుని, భార్యాభర్తలిద్దరూ కూర్చుని డాక్టర్‌తో మాట్లాడి, నింపాదిగా చేయించుకోండి. ఆపరేషన్ అయితే తప్ప చేసుకోం అనే సంబంధం అయితే, ఆ పెదవికి ఏడాది స్పర్శ లేకపోతే ఆ ఇంట్లో ఎవరు ఓపిక పడతారు?

ఇంకా ఆలస్యంగా వచ్చేది ఒకటుంది. కొందరిలో, ఎక్కువగా కింది దవడ చిన్నదిగా ఉన్న వయసు అమ్మాయిల్లో, ఆపరేషన్ తర్వాత కీలు దగ్గర ఎముక మెల్లగా అరిగిపోతుంది. నొప్పి ఉండొచ్చు, లేకపోవచ్చు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపల గడ్డం మళ్లీ లోపలికి పోతున్నట్టు, ముందు పళ్ల మధ్య సందు తెరుచుకుంటున్నట్టు కనిపిస్తుంది. తొందరపడి మళ్లీ కోస్తే మళ్లీ అరగొచ్చు. అరుగుదల ఆగిందని స్కానులతో తేల్చుకున్నాకే రెండో ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు, బాగా పోయిన కీళ్లకి కృత్రిమ కీలు కూడా పెడతారు. అలాగే కింది దవడని ఎక్కువగా వెనక్కి జరిపితే గొంతు దగ్గర గాలి దారి ఇరుకవుతుంది. అందుకే ఈ రోజుల్లో చాలామంది సర్జన్లు అంతా కింది దవడ మీదే వెయ్యకుండా పై దవడని కొంత ముందుకి తెస్తారు. ఆపరేషన్‌కి ముందే గురక ఉన్నవాళ్లు ఆ సంగతి సర్జన్‌కి తప్పకుండా చెప్పాలి, తర్వాత కొత్తగా గురక మొదలైతే నిద్ర పరీక్ష చేయించుకోవాలి.

ఇవన్నీ ఏళ్ల మీద తెలిసే విషయాలు కాబట్టి ఆపరేషన్‌కి ముందు తీసినవి, ఆపరేషన్ అయిన వెంటనేవి, ఆరు నెలలవి, ఏడాదివి, రెండేళ్లవి, ఎక్స్‌రేలూ పళ్ల అచ్చుల ఫొటోలూ అన్నీ దాచుకోండి. పెళ్లయి వేరే ఊరు వెళ్లేటప్పుడు కూడా ఆ కవర్ మీతోనే ఉండాలి. కీలు అరుగుతోందో లేదో ఒక్క ఎక్స్‌రే చూస్తే తేలదు, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.